మీకు తెలుసా? ఆసియాను గెలిచిన హైదరాబాద్ మాస్టారు

ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది రెండే రెండుసార్లు. ఒకటి 1951లో, మరొకటి 1962లో. రెండుసార్లూ జట్టును నడిపించిన కోచ్ ఒక్కరే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరు హైదరాబాద్, వృత్తి బడిపంతులు. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్. మన దగ్గర పుట్టి, మన మైదానాల్లో పాఠాలు చెప్పి, ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన ఈ మనిషి గురించి మన పిల్లలకు తెలిసింది చాలా తక్కువ. పెద్దలకు తెలిసిందీ అంతంత మాత్రమే. ఆయన రికార్డులోని ఒక్కో అంకె వెనుక ఒక్కో పాఠం ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఆయన మొదటి మైదానం బడి ఆవరణ

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఏ చదివి ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆ తర్వాత పనిచేసిన బడుల్లో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టడం, వెనకబడ్డ పిల్లాడి దగ్గర కాసేపు ఎక్కువ ఆగడం, చెప్పింది వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయించడం బడిలో అలవాటైన పనులు. భారత జట్టు కోచ్‌గా ఆయన చేసిందీ ఇదే.

2. కోచ్ కాకముందు మంచి ఆటగాడు

1920ల చివర్లో రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. ఉస్మానియా పూర్వ, ప్రస్తుత విద్యార్థులు కలిసి కట్టుకున్న ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులో కూడా ఆడారు. ఆ తర్వాత స్థానిక లీగ్‌లో పేరున్న కమర్ క్లబ్‌కు ఆడారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో బ్రిటిష్ సైనికులు ఉండటంతో జంట నగరాల్లో ఫుట్‌బాల్ చాలా ముందుగానే వేళ్లూనుకుంది. బూట్లు వేసుకుని బలంగా ఆడే సైనిక జట్లు ఒకవైపు, ఒట్టి కాళ్లతో చురుగ్గా ఆడే స్థానిక కుర్రాళ్లు మరోవైపు ఉన్న కాలమది. రహీం ఆ వాతావరణంలోనే ఎదిగారు.

3. సంఘం కార్యదర్శి పదవి చివరిదాకా ఆయనదే

1943లో రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేదాకా ఆ బాధ్యత మోశారు. పోటీలు పెట్టడం దగ్గర్నుంచి కొత్త కుర్రాళ్లను వెతకడం, క్లబ్బుల మధ్య సర్దుబాట్లు చేయడం దాకా అన్నీ ఆయన నెత్తిన పడ్డ పనులే. మైదానంలో కోచ్, ఆఫీసులో కార్యదర్శి ఒకరే కావడం వల్ల హైదరాబాద్‌కు ఒక మేలు జరిగింది. తాను నేర్పదలచిన ఆటకు తగ్గట్టు పోటీలను కూడా తానే మలచుకునే వీలు ఆయనకు దొరికింది.

4. డ్రిబ్లింగ్ లేని పోటీలు

రహీం పెట్టిన పోటీల్లో ఒక రకం చూడండి. జట్టుకు ఐదుగురు. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ, ఎదుటివాణ్ని తప్పించుకుంటూ పోవడానికి వీల్లేదు. బంతి రాగానే ఇంకొకరికి అందించాలి. ఈ నియమం ఆటగాడి బుర్రను ఎలా మారుస్తుందో ఆలోచించండి. బంతి తన దగ్గరకు వచ్చాక చుట్టూ చూస్తే ఆలస్యమైపోతుంది. అందుకే రాకముందే తల పైకెత్తి, తనవాడు ఎక్కడున్నాడో చూసి పెట్టుకోవాలి. బంతి లేని నలుగురూ నిలబడిపోతే ఆట ఆగిపోతుంది కాబట్టి, వాళ్లు ఖాళీ చోటు వెతుక్కుంటూ కదులుతూనే ఉండాలి. సొంత నైపుణ్యం చూపించుకోవాలని ఉబలాటపడే కుర్రాడికి జట్టుగా ఆడటం ఉపన్యాసంతో రాదు. ఇలాంటి పోటీ నాలుగుసార్లు ఆడితే వస్తుంది.

5. బలహీనమైన కాలికి ప్రత్యేక పరీక్ష

ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం వాడు కుడికాలితో అన్నమాట. మొదట్లో బంతి ఎటు తంతే ఎటు పోతుందో తెలియదు. కొన్నాళ్లకు ఆ కాలికీ నేర్పు వస్తుంది. రెండు కాళ్లూ పనిచేసే ఆటగాణ్ని ఆపడం డిఫెండర్‌కు కష్టం. ఎటు తిరుగుతాడో, ఏ కాలితో కొడతాడో ముందుగా పసిగట్టలేడు. ఒంటి బలంలో యూరప్ వాళ్లతో సరితూగలేని మన కుర్రాళ్లకు రహీం ఇచ్చిన ఆయుధాల్లో ఇదొకటి.

6. రోవర్స్ కప్ వరుసగా ఐదేళ్లు

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యారు. ఆ ఏడాదే జట్టు బొంబాయిలో జరిగే ప్రతిష్ఠాత్మక రోవర్స్ కప్ గెలిచింది. అక్కడితో ఆగలేదు. 1951, 1952, 1953, 1954 ఏళ్లలోనూ ఆ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. కలకత్తా క్లబ్బులు భారత ఫుట్‌బాల్‌ను ఏలుతున్న రోజుల్లో దక్కన్ నుంచి వెళ్లిన ఒక పోలీసు జట్టు దేశంలోని పెద్ద టోర్నీలలో ఒకదాన్ని ఐదేళ్ల పాటు ఎవరికీ వదల్లేదు.

7. డ్యూరాండ్, సంతోష్ ట్రోఫీలు కూడా మనవే

దేశంలో అత్యంత పాత టోర్నీ డ్యూరాండ్ కప్. 1888లో సిమ్లాలో మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలైనప్పుడు, ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు ఎత్తింది హైదరాబాద్ పోలీస్. 1954, 1957లోనూ గెలిచింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మరోసారి గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58ల్లో వరుసగా రెండుసార్లు సాధించింది.

8. తొలి ఆసియా క్రీడల తొలి ఫుట్‌బాల్ స్వర్ణం

1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా కెప్టెన్, రహీం కోచ్. భారత్ ఇండోనేషియాను 3–0తో, ఆఫ్ఘనిస్థాన్‌ను 3–0తో ఓడించింది. ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో 1–0 తేడాతో గెలిచింది. మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదన్న సంగతి గమనించండి. స్వతంత్ర భారత ఫుట్‌బాల్‌కు అది మొదటి పెద్ద విజయం.

9. పది గోల్స్ ఓటమి

మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది. 1952 జూలైలో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1–10 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో దిగారు. మన ఎండిన నేల మీద ఒట్టి కాలికి బంతి చక్కగా తెలుస్తుంది. చల్లని ఉత్తర దేశంలో పచ్చిక మీద ఆ కాలికి పట్టు దొరకదు. పైగా ఎదుటివాడి బూటు పక్కన ఒట్టి కాలు పెట్టాలంటే ఎంతటివాడికైనా జంకు ఉంటుంది. ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఆ రోజు మనల్ని ఓడించిన యుగోస్లావియా ఆ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిందని కూడా గుర్తుపెట్టుకోవాలి. రహీం ఆ ఓటమిని దాచిపెట్టే మనిషి కాదు, దాని నుంచి నేర్చుకునే మనిషి. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో అది కనబడింది.

10. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగిన ఎత్తుగడ

ఆ రోజుల్లో సెంటర్ ఫార్వర్డ్ అంటే ఎదుటి గోల్ ముందు కాపు కాసేవాడు. అతణ్ని పట్టుకోవడానికి అవతలి జట్టులో ఒక స్టాపర్ ఉండేవాడు. రహీం 1950ల తొలి సంవత్సరాల్లోనే ఈ లెక్క మార్చి చూశారు. సెంటర్ ఫార్వర్డ్‌ను నాలుగడుగులు వెనక్కి పిలిచారు. ఇప్పుడు స్టాపర్‌కు చిక్కొచ్చి పడుతుంది. అతని వెంట ముందుకు వెళితే గోల్ ముందు ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి పక్కనున్న ఫార్వర్డ్‌లు దూసుకొస్తారు. వెళ్లకపోతే వెనక్కి వచ్చిన ఆటగాడు తీరిగ్గా బంతి అందుకుని ఎవరికి కావాలంటే వాళ్లకు అందిస్తాడు. 1953 నవంబరులో వెంబ్లీలో హంగరీ ఇలాంటి ఎత్తుగడతోనే ఇంగ్లండ్‌ను 6–3తో ఓడించినప్పుడు ప్రపంచమంతా నోరు వెళ్లబెట్టింది. హైదరాబాద్ మాస్టారి ఆలోచన ఆ కాలపు ఉత్తమ ఆలోచనలకు ఏ మాత్రం తీసిపోలేదు.

11. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సమర్ బెనర్జీ కెప్టెన్. హంగరీ తప్పుకోవడంతో భారత్ నేరుగా క్వార్టర్‌ఫైనల్‌కు వెళ్లింది. డిసెంబరు 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను సొంతగడ్డ మీద 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు సాధించిన తొలి హ్యాట్రిక్ అది. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ముందుగా గోల్ కొట్టింది భారత్. చివరికి 1–4తో ఓడినా, హెల్సింకీ జట్టుకూ ఈ జట్టుకూ పోలికే లేదు. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3–0తో గెలవడంతో మనకు నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మన ఉత్తమ ప్రదర్శన అదే. ఒలింపిక్స్ అయ్యాక సిడ్నీలో ఆస్ట్రేలియాతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడితే 7–1తో గెలిచాం.

12. ఆ జట్టు నిండా హైదరాబాద్ కుర్రాళ్లే

మెల్‌బోర్న్ జట్టు పేర్లు చదువుతుంటే మన వీధుల్లో నడుస్తున్నట్టే ఉంటుంది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, సలాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. వీళ్లలో కొందరు అప్పటికే కలకత్తా క్లబ్బులకో, సైనిక దళాల జట్టు సర్వీసెస్‌కో ఆడుతున్నా, ఆట నేర్చింది మాత్రం జంట నగరాల మైదానాల్లోనే. ఒక్క నగరం నుంచి ఇంతమంది ఒలింపిక్ జట్టులోకి వెళ్లడం ఆ నగరంలో ఆట ఎంత లోతుగా పాతుకుందో చెబుతుంది.

13. సైకిల్ అద్దెకు డబ్బిచ్చిన కోచ్

బలరాంది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. పేద తమిళ కుటుంబం. ఆ కుర్రాడి ఆట రహీం కంట పడింది. శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి తన దగ్గర డబ్బుల్లేవని బలరాం చెప్పాడు. సైకిల్ అద్దెకు తీసుకోమని రహీం తానే డబ్బిచ్చారు. పెద్దయ్యాక బలరాం ఆ సంగతి కృతజ్ఞతతో చెప్పుకునేవారు. ఆ అద్దె సైకిల్ మీద వచ్చిన కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు, ఆసియా స్వర్ణం గెలిచాడు, చునీ గోస్వామి, పీకే బెనర్జీలతో కలిసి భారత ఫుట్‌బాల్ చూసిన గొప్ప త్రయంలో ఒకడయ్యాడు. ప్రతిభను గుర్తించడంతో పాటు అది మైదానం దాకా చేరే దారి చూడటం కూడా కోచ్ పనేనని రహీం నమ్మారు.

14. కన్నకొడుకునూ బెంచీ మీదే ఉంచారు

1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఉన్నారు. కానీ ఒక్క మ్యాచ్‌లోనూ ఆడలేదు. తండ్రి కోచ్ కదా అని చోటు దొరకలేదు. హకీం తర్వాత వాయుసేన అధికారిగా, అంతర్జాతీయ రిఫరీగా, కోచ్‌గా పేరు తెచ్చుకున్నారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021లో కన్నుమూశారు. రోమ్‌లో భారత్ హంగరీ చేతిలో 1–2తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1–1గా ముగించింది, పెరూ చేతిలో 1–3తో ఓడింది. హంగరీ, పెరూల మీద మన గోల్స్ రెండూ బలరాంవే. ఆ తర్వాత భారత్ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మళ్లీ అడుగుపెట్టలేదు.

15. తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ గోల్ కొట్టాడు

1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2 ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను 4–1తో ఓడించినా, ఆ మ్యాచ్‌లో మన గట్టి స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రక్షణ గోడ లాంటి ఆటగాడు దెబ్బతింటే ఏ కోచ్‌కైనా దిక్కు తోచదు. రహీంకు జర్నైల్ ఒకప్పుడు ఫార్వర్డ్‌గా ఆడాడన్న సంగతి గుర్తుంది. అతణ్ని వెనకనుంచి తీసి ముందుకు పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3–2 గెలుపులో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. ఫైనల్లోనూ కొట్టాడు. తన ఆటగాడి పాత రోజులు కూడా తెలిసిన మాస్టారికే ఇలాంటి ఉపాయం తడుతుంది.

16. లక్షమంది ఎదురుగా, జట్టు ఒంటరిగా

ఇజ్రాయెల్, తైవాన్‌లను జకార్తా క్రీడలకు రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలనడం సరికాదని భారత క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ వాదించారు. దాంతో అక్కడి జనం ఆగ్రహం భారత్ మీదికి మళ్లింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సెప్టెంబరు 4న ఫైనల్. స్టేడియంలో లక్షమంది దాకా ఉన్నారు, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నవాళ్లే. ఎదురుగా మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన దక్షిణ కొరియా. తనకు స్వర్ణం కానుకగా ఇవ్వమని రహీం ముందురోజు రాత్రి ఆటగాళ్లను అడిగారు. చునీ గోస్వామి సేన ఆ మాట నిలబెట్టింది. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. కొరియా చివర్లో ఒక గోల్ తిరిగిచ్చినా 2–1తో స్వర్ణం మనదే. ఆ రోజు స్టేడియంలో తమకు మద్దతుగా గొంతెత్తినవాళ్లు పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లని మన ఆటగాళ్లు తర్వాత ఎంతో ఆప్యాయంగా చెప్పుకున్నారు.

17. ఆ స్వర్ణం తర్వాత తొమ్మిది నెలలే

జకార్తాలో జట్టును నడిపించేనాటికే రహీం ఆరోగ్యం దెబ్బతింది. క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఆయన తయారుచేసిన ఆటగాళ్లలో పలువురున్న భారత జట్టు 1964 ఆసియా కప్‌లో రన్నరప్‌గా నిలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మాత్రం మళ్లీ మనకు రాలేదు.

18. శిష్యులే కోచ్‌లయ్యారు

పీకే బెనర్జీ తర్వాతి కాలంలో దేశంలోనే పేరుమోసిన కోచ్ అయ్యారు. జీవితాంతం రహీంను గురువుగానే తలుచుకున్నారు. రహీం చివరి రోజుల్లో హైదరాబాద్ పోలీస్ జట్టులోకి వచ్చిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్‌గా వ్యవహరించారు, 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. ఆ గురువుకు మాత్రం బతికుండగా పద్మ పురస్కారమూ రాలేదు, ద్రోణాచార్య అప్పటికి పుట్టనే లేదు. 2024లో అజయ్ దేవగణ్ ప్రధాన పాత్రలో వచ్చిన హిందీ చిత్రం ‘మైదాన్’ చూసి, ఈయన మన ఊరివాడా అని ఆశ్చర్యపోయిన హైదరాబాదీలు ఎందరో.

ఒక్క చూపులో రహీం సాబ్ రికార్డు

- ఆసియా క్రీడలు: 1951 స్వర్ణం, 1962 స్వర్ణం
- ఒలింపిక్స్: 1952, 1956, 1960 (1956లో నాలుగో స్థానం)
- రోవర్స్ కప్: 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు
- డ్యూరాండ్ కప్: 1950, 1954, 1957, 1961
- సంతోష్ ట్రోఫీ: 1956–57, 1957–58
- సిటీ పోలీస్ జట్టు కోచ్: 1950 నుంచి 1963 దాకా
- ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి: 1943 నుంచి 1963 దాకా

ఈ జాబితాలో విదేశీ అకాడమీలు లేవు, కోట్ల రూపాయల బడ్జెట్లు లేవు. ఒక బడిపంతులు ఉన్నాడు, ఒక మైదానం ఉంది, బుర్ర పెట్టి రాసుకున్న నాలుగు నియమాలున్నాయి. డ్రిబ్లింగ్ లేని ఐదుగురి పోటీకి, బలహీనమైన కాలి పోటీకి ఈ రోజుకీ ఒక బంతి, కాస్త ఖాళీ స్థలం చాలు. మన రెండు రాష్ట్రాల్లో ఏ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనైనా వ్యాయామ ఉపాధ్యాయుడు వచ్చే వారమే వీటిని మొదలుపెట్టవచ్చు. ఏటా ఆగస్టు 17న రహీం పేరిట ప్రతి బడిలో అలాంటి పోటీ ఒకటి జరిగితే, ఆయనకు రాని పురస్కారాలన్నిటికన్నా అదే పెద్ద గౌరవం.